ముప్పావు మెకానిక్కు

మామగారు ఏ వస్తువునీ పూర్తిగా బాగుచేయరు. చేతకాక కాదు, చేయరు. మూగబోయిన రేడియో ఇస్తే పలికిస్తారు, ముందున్న బల్బు వెలిగిస్తారు, గొంతులో గరగర పోగొడతారు, ఒక్క వంక మాత్రం అలాగే వదిలేసి నీటుగా తుడిచి ఇచ్చేస్తారు. అందుకే వీధిలో ఆయన్ని ముప్పావు మెకానిక్కు అంటారు. ఎదురుగానే అంటారు. ఆయనా పలుకుతారు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఇంటి వెనక గదిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్నారు. పాత రేడియోలు, టేప్ రికార్డర్లు, రికార్డు ప్లేయర్లు ఎవరు తెచ్చినా సరే, ముందు స్క్రూ విప్పరు. ప్రశ్నలు వేస్తారు.

"ఈ మూత ఎప్పట్నుంచి ఊడొస్తోంది?"

"కొన్నప్పట్నుంచీ అంతేనండీ. రబ్బరు బ్యాండు వేసి వాడుకుంటున్నాం."

"అయితే అది రోగం కాదు, స్వభావం. దాని జోలికి నేను పోను."

రోగానికే వైద్యం, స్వభావానికి కాదు. ఇదీ ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతం పేరెత్తితే అత్తగారికి ఒళ్ళు మంట. "మా ఇంట్లో టేప్ రికార్డరుకి వెనక్కి తిప్పే మీట పనిచేయదు. కాపరానికొచ్చినప్పట్నుంచీ పెన్సిలు పెట్టి తిప్పుతున్నాను. ఊళ్ళోవాళ్ళ వాటికి మాత్రం పెద్ద డాక్టరు!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటారు. దానికి మామగారి జవాబు చాలా చిన్న గొంతుతో వస్తుంది. "ఆ తిప్పే కాసేపే కదా నన్ను తిట్టకుండా ఉండేది."

సెలూను రేడియో సంగతి మరీ విడ్డూరం. దాని యాంటెన్నా తీగని ఎవరో ఒకరు చేత్తో పట్టుకుంటే తప్ప స్టేషను దొరకదు. కుర్చీలో కూర్చున్నవాడి చేతికే ఆ తీగ ఇచ్చేవాడు సెలూనాయన. మామగారు స్పీకరు మార్చారు, నాబులు మార్చారు, తీగని మాత్రం ముట్టుకోలేదు. సెలూనాయన లబలబలాడాడు.

"అసలు గొడవంతా ఆ తీగతోనే కదండీ!"

"నువ్వే చెప్పు. తీగ పట్టుకున్నవాడు తల కదుపుతాడా?"

సెలూనాయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత రేడియో చంకనపెట్టుకుని, నమస్కారం చేసి వెళ్ళిపోయాడు.

ఇంత పనితనమూ ఉచితంగా ఖర్చయిపోతుంటే అల్లుడి ప్రాణం ఉసూరుమనేది. అల్లుడు ఫ్రిజ్జులమ్మే కంపెనీలో సేల్స్ మనిషి. దేన్ని చూసినా దానికి బోర్డు ఎక్కడ పెట్టాలా అని చూసే కళ్ళు. పాత వస్తువులకి మళ్ళీ గిరాకీ వచ్చిందని ఎక్కడో చదివాడు. చదివినవాడు ఊరుకోకుండా ఉద్యోగం మానేసి, బజారులో ఒక గది అద్దెకి తీసుకుని, "పాత రేడియోల వైద్యశాల" అని బోర్డు పెట్టి, లోపల కుర్చీలో మామగారిని కూర్చోబెట్టాడు.

అతని భార్య ఒకటే మాట చెప్పింది. "ఈ వానాకాలం వెళ్ళేలోగా షాపు తన అద్దె తను కట్టుకోవాలి. లేదా మీరు మళ్ళీ టై కట్టుకోవాలి."

వానలు మొదలయ్యాయి, వెళ్ళిపోవడానికీ వచ్చాయి. షాపుకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే గొణుక్కుంటూ వెళ్తున్నారు. ఇంట్లో ఉచితంగా చేసినప్పుడు నవ్వుకున్న వంకకే, బిల్లు చేతికిచ్చేసరికి అందరికీ కోపం వస్తోంది.

"మామయ్యగారూ, వెనక గదిలో చేసుకుంటే సరదా. బోర్డు పెట్టాక వ్యాపారం. వ్యాపారంలో స్వభావాలుండవు, అన్నీ రోగాలే!" అని అల్లుడు తల కొట్టుకున్నాడు.

"మరి బోర్డు ఎందుకు పెట్టారు అల్లుడుగారూ?" అన్నారు మామగారు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

అలాంటి రోజుల్లో హెడ్మాస్టరుగారు వచ్చారు. ఆయన బడి నుంచి రిటైరయ్యారు గానీ హెడ్మాస్టరుగిరీ నుంచి కాలేదు. రిటైరైన ఉద్యోగుల సంఘానికి అధ్యక్షులు. ఆ సంఘంలో అటక మీద మూగ రేడియో లేని ఇల్లు లేదు. ఆయన వెనకాలే ఆటో డ్రైవరు, బీరువాలో సగముండే రేడియోని రొప్పుతూ మోసుకొచ్చాడు.

"దీన్ని మీ మామగారు చాలాసార్లు చూశారు. పాట మధ్యలో ఆగిపోతుంది. పక్కన గట్టిగా ఒకటి చరిస్తే మళ్ళీ పలుకుతుంది. ఆ ఒక్కటీ ఆయన వల్ల కాలేదు. మీరు చేయించారా, సంఘంలో ఉన్న రేడియోలన్నీ మీ షాపుకే. లేకపోతే బజారులో ఇంకో షాపు ఉంది."

"హెడ్మాస్టరుగారూ, అది దాని స్వభావమండీ" అన్నారు మామగారు.

"పరీక్ష తప్పిన ప్రతివాడి స్వభావమూ అదేనని నేను ఊరుకుంటే, ఈ ఊళ్ళో ఒక్కడైనా పాసయ్యేవాడా?"

మామగారు ఎప్పటిలాగే దాని దుమ్ము దులిపారు, స్కేలు మీద ముల్లు సరిచేశారు, ఆ ఒక్కటీ వదిలేసి భోజనానికి ఇంటికి వెళ్ళారు. అల్లుడు తలుపు దగ్గరికి వేసి రేడియో విప్పాడు. ఇన్నాళ్ళుగా మామగారి పక్కన కూర్చున్నందుకు ఆ మాత్రం తెలుసు. లోపల ఒక తీగ అతుకు వదులై ఊగుతోంది. ఒక్క చుక్క టంకం పెట్టాడు. అంతే! ఇక ఎంతసేపు పెట్టినా పాట ఆగదు. ఇంత చిన్న పని ఈ పెద్దమనిషికి చేతకాలేదా అని జాలి కూడా పడ్డాడు.

హెడ్మాస్టరుగారు వచ్చి విని, మామగారి ముందే అల్లుడి భుజం తట్టారు. "శిష్యుడు గురువుని మించాడు. సంఘంతో మాట్లాడి వస్తాను."

మామగారు అల్లుడి వైపు చూసి, "ఎంత పని చేశారు!" అన్నారు. అసూయ అనుకున్నాడు అల్లుడు.

వారం తిరగకుండా అదే రేడియో అదే ఆటోలో వెనక్కి వచ్చింది. ఈసారి దాంతో వచ్చినది హెడ్మాస్టరుగారి భార్య.

"బాబూ, ఆయన సంఘం మీటింగుకెళ్ళారు. వచ్చేలోగా దీన్ని కాస్త పాడుచేసి ఇవ్వు."

అల్లుడు తను సరిగ్గా విన్నాడో లేదో తెలియక మామగారి వైపు చూశాడు. ఆయన అప్పటికే ఆవిడకి కుర్చీ వేస్తున్నారు.

"ఇప్పుడు మా ఇంట్లో రేడియో ఒక్కటే మాట్లాడుతోంది నాయనా" అంది ఆవిడ. "కోపాలేం లేవు. మాటలన్నీ బళ్ళో అయిపోగొట్టుకుని ఇంటికొచ్చిన మనిషి ఆయన. ఇదివరకు ఇది ఆగిపోయేది. 'ఏమండీ, ఆగిపోయిందండీ' అని వంటింట్లోంచి కేకేసేదాన్ని. పేపరు మడిచి, లేచొచ్చి ఒకటి చరిచేవారు. 'దీనికేమొచ్చింది?' అనేవారు. 'ఏమో' అనేదాన్ని. 'కాఫీ ఉందా?' అనేవారు. అలా నాలుగు మాటలు నడిచేవి. ఇప్పుడిది ఆగదు, ఆయన లేవరు."

"మీరు కొడితే పలికేది కాదా అమ్మా?" అన్నాడు అల్లుడు.

"ఎందుకు పలకదూ? చక్కగా పలికేది. ఆ సంగతి మాత్రం ఆయనకి చెప్పకు."

మామగారు అల్లుణ్ణి పక్కకి పిలిచి చెప్పారు. "మొదటిసారి వాళ్ళింటికెళ్ళే చూశాను. మధ్యాహ్నమంతా ఇద్దరి మధ్యా ఉలుకూ పలుకూ లేదు. ఇది ఆగాకే ఇంట్లో మనుషులున్నారని తెలిసింది. ఎలా బాగుచేయమంటారు?"

"మరి ఆయన మిమ్మల్ని చేతకానివాడని అందరి ముందూ అంటుంటే..."

"అననివ్వండి. అదీ ఒక మాటేగా."

అల్లుడికి సిగ్గేసింది. ఆ వెంటనే భయమూ వేసింది. రేడియో చెడితే సంఘం పోతుంది, సంఘం పోతే షాపు పోతుంది, షాపు పోతే టై. ఆవిడ కుర్చీలో కూర్చుని చీర కొంగుతో రేడియో పైన లేని దుమ్ము తుడుస్తోంది. అతను నిట్టూర్చి స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

బాగుచేయడం ఒక్క నిమిషం పనే గానీ, పాడుచేయడానికి తల ప్రాణం తోకకొచ్చింది. అతుకు కాస్త వదులైతే పాట అసలే రాదు, కాస్త బిగిస్తే ఆగదు. మామగారు పక్కనే నిలబడి, "ఇంకొంచెం చెడగొట్టండి, చాలు చాలు, పాపం" అంటూ దగ్గరుండి చేయించారు.

"అడిగితే నేనే చెడగొట్టానని చెప్పండి" అన్నారు చివర్లో. "నాకైతే కొత్తగా పోయే పరువు లేదు."

మర్నాడు షాపు తెరిచీ తెరవకముందే హెడ్మాస్టరుగారు మెట్లెక్కారు. మొహంలో పరీక్ష హాలు గాంభీర్యం.

"నిన్న సాయంత్రం ఆగిపోయింది."

"ఆ తప్పు నాదేనండీ" అన్నారు మామగారూ అల్లుడూ ఒకేసారి.

హెడ్మాస్టరుగారు ఇద్దర్నీ ఎగాదిగా చూశారు. "మా ఆవిడ కేకేసింది. లేచి వెళ్ళి ఒకటి చరిచాను. పలికింది. 'చెయ్యి నొప్పెట్టిందా?' అని అడిగింది." ఆయన గొంతు సవరించుకుని, వెనక్కి తిరిగి వీధిలోకి చూసి, బల్ల మీదికి వంగారు. "మీ షాపులో గ్యారంటీ ఇస్తారా?"

"ఇస్తామండీ. ఏడాది" అన్నాడు అల్లుడు, దేనికో తెలియకుండానే.

"ఏడాది చాలదు. ఈ రేడియో ఇంకెప్పటికీ పూర్తిగా బాగుపడదని రాసివ్వండి. సంఘం రేడియోలు మధ్యాహ్నం పంపిస్తాను."

అల్లుడు అక్కడికక్కడే రాసిచ్చాడు. సాక్షి సంతకం మామగారు చేశారు.