నెగెటివ్ వచ్చినప్పుడల్లా ఒక ఉపవాసం

భగవంతుడు నన్ను చల్లగా చూసిన ప్రతిసారీ నేను నా ఒంటిని ఎలా ఎండబెట్టానో చెబుతాను. ఆరేళ్ల కిందటి మాట. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నెత్తిన ఒక మొట్టికాయ వేసి, వెంటనే పళ్లెంలో అన్నం పెట్టాలనిపిస్తుంది.

మాది గోదావరి వైపు. మావారు సూర్యం గారు విశాఖ స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతారు. మా వీధికి హార్బర్ నుంచి చేపలు తెచ్చే పోలమ్మ అక్కకి ఆపరేషనైతే చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. రోగిని పలకరించి ఊరుకోవచ్చుగా. మంచం కింద దూది ఉండలు కనిపించేసరికి నా చేతులకి దురద పుట్టింది.

"ముట్టుకోకమ్మా, ఊడ్సేవోలొత్తారు," అంది అక్క.

"రెండు నిమిషాలే అక్కా," అంటూ చెయ్యి పెట్టాను. దూదిలో ఎవరిదో వాడేసిన సూది చూపుడువేల్లో దిగింది.

వేలు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చాను. వారం రోజులు భయాన్ని మింగి, ఆఖరికి మావారి దగ్గర కక్కేశాను. ఆయన వెంటనే చెప్పులేసుకుని, నన్ను సర్కారు ఆసుపత్రిలో హెచ్‌ఐవి పరీక్షల గదికి తీసుకెళ్లారు.

అక్కడి కౌన్సిలరమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది. "పొడుసుకున్న రోజే రావాలమ్మా. మూడ్రోజుల్లోపైతే రాకుండా ఆపడానికి మందులున్నాయి. ఇప్పుడింక పరీచ్చలే. ఆరు వారాలకోటి, మూడు నెలలకోటి. ఈలోపు బెంగెట్టుకోకు."

బెంగ పెట్టుకోవద్దనగానే మానేసే ఆడది మన ఇళ్లలో ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, దణ్ణం పెట్టుకుంటాను.

ఆరు వారాలకి నెగెటివ్ వచ్చింది. ఆనందం పట్టలేక, అప్పటికే ఉన్న శనివారం ఉపవాసానికి మంగళవారం కలిపాను. మూడు నెలలకీ నెగెటివే. ఇంత దయ చూపిన స్వామికి ఒక్క మంగళవారమేనా అని సిగ్గేసి, గురువారం ఉప్పు లేని ఒంటిపూట మొదలెట్టాను. ఇవేవీ మావారికి తెలియవు. మొక్కు పైకి చెబితే ఫలం పోతుందని మా అమ్మమ్మ నేర్పింది. నాకు చదువూ పూజా అన్నీ ఇంట్లో ఆవిడే నేర్పింది, ఆవిడ మాట నాకు వేదం. మావారు డ్యూటీ నుంచి వచ్చి "తిన్నావా?" అంటే "ఎప్పుడో," అనేదాన్ని. అబద్ధం కాదు, నిన్న ఎప్పుడో తిన్నాను.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. నోరు పూసింది. జాకెట్లు వదులయ్యాయి. దువ్వెనకి జుట్టు కుచ్చులుగా వచ్చేది. బిందె ఎత్తితే కళ్లు తిరిగేవి. ఫోనులో హెచ్‌ఐవి లక్షణాలు చూస్తే, ఎవరో మా కిటికీలోంచి నన్ను చూస్తూ రాసినట్టు ఉన్నాయి.

"ఏవండీ, రిపోర్టు తప్పేమో. చెమటలు కూడా పడుతున్నాయి."

"మే నెల్లో విశాఖపట్నంలో చెమట పట్టకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, కామూ."

"బరువు కూడా తగ్గాను."

"రెండుసార్లు లేదని చెప్పారు. మూడోసారి కూడా అడిగితే ఆ యంత్రం ఏడుస్తుంది."

నాకు నవ్వు రాలేదు. కాగితం అబద్ధమాడొచ్చు గానీ ఒళ్లు ఆడదని నా గట్టి నమ్మకం. నా కంచం, నా గ్లాసు, నా తలగడ వేరు పెట్టేశాను. మూడేళ్ల మా చిన్నిని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మానేశాను. నా చేతి ముద్ద తప్ప తినని పిల్లకి స్టీలు చెంచా ఇచ్చాను.

"అమ్మా, నీ చెయ్యికి నొప్పా?" అని అడిగింది ఓ రోజు.

"అవును తల్లీ."

అది దగ్గరికొచ్చి నా వేలు మీద ఊదబోయింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పిల్ల అలాగే నోరు సున్నాలా పెట్టుకుని నిలబడిపోయింది.

మళ్లీ పరీక్షకి వెళ్లాను. మళ్లీ నెగెటివ్. అనుమానం అనుమానమే, కృతజ్ఞత కృతజ్ఞతే కదండీ. సోమవారాలు తులసి తీర్థంతో సరిపెట్టడం మొదలెట్టాను. పదిహేను రోజుల తర్వాత నాలుగోసారి వెళ్లేసరికి గుమ్మంలోనే తూలాను. మావారు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. కౌన్సిలరమ్మ నన్ను చూసి రిపోర్టులన్నీ పక్కకి నెట్టేసింది.

"నిన్నేటి తిన్నావమ్మా?"

"నిన్న మంగళవారమండీ."

"వారం అడగలేదు. ఏటి తిన్నావు?"

"గ్లాసుడు పాలు."

"మొన్న?"

"తులసి తీర్థం."

పక్కనున్న మావారి కుర్చీ కిర్రుమంది.

"ఆదోరం?"

"అన్నం తిన్నానండీ," అన్నాను గర్వంగా.

"శనోరం?"

"రెండు అరటిపళ్లు." ఆవిడ చూపుకి తట్టుకోలేక సరిచేశాను. "ఒకటిన్నర. సగం చిన్నికిచ్చాను, తొక్కతో పట్టుకునే ఇచ్చాన్లెండి."

ఎందుకని అడిగింది. మొక్కుల వరుసంతా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నెగెటివొచ్చిందని తిండి మానేత్తన్నావు. తిండి మానేసి నీరసపడి, రోగమొచ్చిందని మళ్లీ వొత్తన్నావు. నాను ఉజ్జోగంలో సేరాక ఇలాటి కేసు సూళ్లేదమ్మా. మూడు నెలలు దాటాక వొచ్చిన నెగెటివ్ నెగెటివే. నీకున్నది వైరస్సు కాదు. ఆకలి."

డాక్టరమ్మ చూసి, రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాసింది. లేవబోతూ చిన్ని సంగతి అడిగాను, ముట్టుకోవచ్చా అని. కౌన్సిలరమ్మ గొంతు మెత్తబడింది.

"ఆ జబ్బు ఉన్నోలు కూడా పిల్లల్నెత్తుకుంటారమ్మా, కలిపి ముద్దలెడతారు. మందులేసుకుని నిచ్చేపంగా బతుకుతారు. కంచంలో అంటుకునేది కాదది. ఎల్లి నీ పిల్లనెత్తుకో."

మెట్లు దిగుతూ కళ్లనిండా నీళ్లతో చేతులు జోడించాను. "స్వామీ, ఇంత దయకి ఈ బుధవారం నుంచి..."

మావారు నా జోడించిన చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"కామూ, బుధవారం ఒక్కటీ నాకూ చిన్నికీ వదిలెయ్."

మిగతా సగం మొక్కు మింగేశాను. ఎదురుగా బడ్డీలో ఆయన నాలుగు ఇడ్లీలు చెప్పి, చివరి ముక్క దాకా కదలకుండా ఎదురుగా నిలబడ్డారు. ఇంటికొచ్చి పప్పన్నం కలిపి, చిన్నిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్ద పెట్టాను. అది చెంచాని సోఫా కిందకి విసిరేసింది. తర్వాత తన బుజ్జి చేత్తో నాకో ముద్ద తోసింది. సగం నా ముక్కులోకి పోయింది. అంత మంచి ప్రసాదం నేను ఏ గుళ్లోనూ తినలేదు.

కనుక పాఠకుల సమక్షంలో ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట రిపోర్టు లేదంటే లేదనే నమ్ముతాను. దేవుడికి కృతజ్ఞత చెప్పాల్సి వస్తే పీట వేసుకుని కూర్చుని, మారు వడ్డించుకుని, కడుపు నిండాకే చెబుతాను. ఈ మాట తప్పే వీలు నాకు లేదు. మా చిన్నికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. నా కంచం ఖాళీ అయిందో లేదో వంగి చూసి గానీ నన్ను దేవుడి గదిలోకి పోనివ్వదు.