గిద్దలూరికి బొంబాయి మీదుగా

"అక్కా, నీకు తాళం తప్పుతాంది. నలుగు పాటకు ఇంకెవరినన్నా చూసుకుంటాలే."

ఫోనులో చెల్లెలు రమణమ్మ అన్న ఈ మాటే నన్ను గిద్దలూరికి బయలుదేరదీసింది. మా ఇళ్లలో ఏ పిల్లను పెళ్లికూతుర్ని చేసినా మేమిద్దరం గొంతు కలిపి నలుగు పాట పాడాల్సిందే. ఈసారి మా తమ్ముడి కూతురి పెళ్లి, గురువారం. వీడియో కాల్‌లో సాధన చేస్తే చప్పట్లు కలవడం లేదు. నాకేమో తను వెనకబడినట్టు వినిపిస్తుంది, తనకేమో నేను. ఒకరు వెనకబడితే రెండోవారు ముందుండాలి కదా! ఇద్దరమూ వెనకబడటం నా లెక్కకు కుదరలేదు.

సోమవారం పొద్దున ఆరున్నరకు మా ఊరు కొనకనమిట్లలో బస్సెక్కాను. అది దారి వదిలి పల్లెలన్నీ తిరిగింది.

"సక్కగా పోదా నాయనా?" అని కండక్టరును అడిగాను.

"అందర్నీ ఎక్కించుకోవాల గదవ్వా!" అన్నాడు.

మార్కాపురంలో ఇడ్లీ తిని, ఆటోలో స్టేషనుకు చేరి, పది గంటల రైలు పట్టుకున్నాను. ఎదుటి సీటులో అర్ధవీడు గొర్రెల కాపరి ఒకాయన నన్నే చూస్తున్నాడు.

"ఏందవ్వా, దోమలా? ఒకటే చేతులు కొడతన్నావు!"

"తాళం నాయనా," అన్నాను. కంభంలో దిగేదాకా అతనూ తొడమీద దరువు వేశాడు. అతనికీ నాకూ ఒక్క దెబ్బ తేడా రాలేదు.

గిద్దలూరులో రమణమ్మ జొన్నరొట్టె, గోంగూర పెట్టింది. తిన్నాక చాపమీద పక్కపక్కన కూర్చుని పాట మొదటినుంచీ పాడాం. ఎక్కడా తప్పలేదు.

"మరి ఫోనులో నీకేమొచ్చింది?" అంది చెల్లెలు.

"నాకా? నీకే!"

ఇంటినుంచే కంప్యూటరు ఉద్యోగం చేసే ఆమె కోడలు సునీత నవ్వుతూ అత్తను వంటింట్లోకి పంపి, మా ఫోన్లు కలిపింది. రమణమ్మ చప్పట్లు కొట్టింది. గోడ అవతలి చప్పుడు ముందు వినిపించింది. అదే చప్పుడు ఫోనులో కాస్త ఆగి వచ్చింది. నేను కొడితే వంటింట్లోనూ అంతే.

"పెద్దత్తా, ఫోను చప్పుడు గోడ దాటి రాదు," అంది సునీత. "టవరుకు పోయి, ఆడ్నుంచి హైదరాబాదో మద్రాసో తాకి, ఆ యాప్ మిషన్లు బొంబాయిలో ఉంటే ఆడిదాకా పోయి మల్లా రావాల. దూరం పెరిగినా, దారి చుట్టు తిరిగినా ఆలస్యమే."

పొద్దుటి బస్సు గుర్తొచ్చింది.

"వంటింట్లోంచి వసారాలోకి బొంబాయి మీదుగానా?" అంది రమణమ్మ. "మీ మామే నయం. దుకాణానికి పంపితే ఊరంతా తిరుగుతాడు గాని గిద్దలూరు దాటడు!"

ముగ్గురం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. "పెండ్లిలో నా పక్కన నువ్వే కూర్చోవాల," అంటూ చెల్లెలు నా కొంగు పట్టుకుంది.

సాయంత్రం నా తిరుగు రైలు కదలగానే చెల్లెలు మళ్లీ ఫోను చేసింది. ఈసారి గొంతు కలపలేదు. ఒక చరణం తను, తర్వాతి చరణం నేను. హాయిగా సాగింది. దూరాన ఉండి సాధన చేసేవారికి ఇదే మంచి పద్ధతి. గొంతు కలపాలంటే మాత్రం రైలెక్కాల్సిందే.

"మధ్యలో ఆగుతావేందమ్మా?" అని పక్కనున్నామె అడిగింది.

"మా చెల్లెలి పాట బొంబాయి నుంచి రావాల తల్లీ," అన్నాను.