బస్తాల మీద మనిషి

మిరపకాయల సీజన్లో పొదిలి నుంచి గుంటూరు యార్డుకి మినీ లారీ తోలుతాను. సరుకుతో పాటు రైతూ వస్తాడు. క్యాబిన్లో నా పక్క సీటు ఖాళీ. ఆయనగారు మాత్రం పైన బస్తాల మీద పట్టా కప్పుకుని పడుకుంటాడు. కింద కూర్చుంటే వెనక నుంచి ఎవడైనా బస్తా లాగేస్తాడని భయం. బండి గుంతలో పడితే బస్తా కాదు, మనిషే జారిపోతాడని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఒక్కడూ వినడు.

ఇంకో కారణానికి కూడా ఒళ్ళు మండేది. పైన వాళ్ళు హాయిగా నిద్రపోతుంటే వాళ్ళ ప్రాణానికి జవాబుదారీగా రాత్రంతా నేనొక్కడినే మేలుకోవాలి. పాటలు పెట్టుకుంటే జోకొట్టినట్టుంటుంది. నడిపేటప్పుడు ఫోన్ ముట్టను. ఆపి చేద్దామన్నా ఆ వేళప్పుడు ఎవరిని లేపను? పలకరించే దిక్కులేక కొన్ని రాత్రులు ఏడుపొచ్చేది. దాచడమెందుకు, ఏడ్చాను కూడా.

మొన్నటి సీజన్లో ఒక పెద్దాయన సరుకు వేసుకుని బయల్దేరాను. బస్తాలు ఎక్కించడానికి నేనూ ఓ చెయ్యి వేశాను. తర్వాత చేతులు కడుక్కున్నానంటే కడుక్కున్నాను, పైపైన. దర్శి దాటాక రెప్పలు వాలిపోతుంటే, తెలివితక్కువ వెధవని, అదే చేత్తో కళ్ళు నులుముకున్నాను. నిప్పులు పోసినట్టయింది. రోడ్డు కనపడలేదు. బ్రేకు మీద కాలు మెల్లగా నొక్కుతూ ఎడమపక్క మట్టిలోకి దించి ఎట్లాగో ఆపాను.

పెద్దాయన వెంటనే దిగి వచ్చాడు. తన సీసాలో నీళ్ళు కొంచెం కొంచెంగా ఒంపుతూ నా కళ్ళు కడిగించాడు. పాపం నిద్ర చెడగొట్టానన్నాను.

"నిద్రా? బండెక్కితే నాకు నిద్రెక్కడిదబ్బాయ్. నువ్వెక్కడ కునుకు తీస్తావోనని పైన కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చున్నా" అన్నాడు.

మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళలో ఎంతమంది అట్లా భయంతో మేలుకుని ఉన్నారో! నేనేమో వాళ్ళ మీద కుళ్ళుకుంటూ కూర్చున్నాను.

కళ్ళు తేటపడేదాకా అక్కడే ఆగాం.

"కింద కూర్చో బాబాయ్. మాట్లాడుతుంటే నాకు నిద్ర రాదు" అన్నాను.

ఆయన బస్తాల వైపు ఒకసారి చూశాడు. తాళ్ళు బిగించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బెల్టు నేనే పెట్టాను. ఇక చూడండి, నా నోటికి అడ్డే లేదు. ఆయన చేను గురించి అడిగాను, తామర పురుగుని ఇద్దరం కలిసి తిట్టాం. నల్లపాడు దగ్గరికొచ్చేసరికి, ఈ బండి తోలడం ఎంత ఒంటరి బతుకో, ఎవరికీ చెప్పనిది ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. ఊ కొట్టడం ఆగిపోయింది. చూస్తే తల కిటికీకి ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

లేపలేదు. నిద్ర వస్తుందేమోనన్న దిగులు నాకు లేదు, మత్తంతా వదిలిపోయింది. నెమ్మదిగా నడిపి యార్డు ముందు లారీల వరసలో నిలిపాను. ఇంజన్ ఆపితే ఆయన లేస్తాడు, లేస్తే సరుకు వెంట వెళ్ళిపోతాడు. డీజిల్ కాలుతున్నా తాళం తిప్పబుద్ధి కాలేదు.