మలికాన్పు ధరకి తొలికాన్పు

గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న రోజులవి, 1898. రాజమండ్రి బజారులో మూడు తరాలుగా కిరాణా కొట్టు నడిపిన ఇంట్లో పుట్టిన దాన్ని నేను. మా తాత తడిసిన బెల్లం కొని నష్టపోయాడు. మా పెద్దన్న పుచ్చిన పసుపు కొని నష్టపోయాడు. కానీ వాళ్ళు మోసపోయి నష్టపోయారు. ఎవరూ మోసం చేయకుండా, నవ్వుతూ, నేనే గెలిచాననుకుంటూ అంత చెడ్డ బేరం కుదుర్చుకున్న ఘనత మా వంశంలో నాకొక్కదానికే దక్కింది. ఆ బేరం కథే ఇది.

నా వృత్తి మిడ్‌వైఫ్ పని, అంటే పురుళ్ళు పోయడం. భర్త పోయి చిన్నతనంలోనే పుట్టింటికి చేరితే, కొట్టు వెనక కూర్చుని చింతపండు పిక్కలు తీయడం నా వల్ల కాలేదు. ఆసుపత్రిలో దొరసాని డాక్టరు ఆడవాళ్ళకి ఈ పని నేర్పుతున్నారని తెలిసి వెళ్ళాను. బంధువులు నానా మాటలూ అన్నారు. మా నాన్న మాత్రం ఒక్క మాటే అన్నాడు. "సరుకు అమ్మినా, చేతిపని అమ్మినా, ధర ముందే చెప్పు. తర్వాత చెప్తే అడుక్కున్నట్టుంటుంది."

అందుకని నా ధరలు ముందే చెప్పేదాన్ని. ఆసుపత్రిలో తొలిచూలు మనిషిని ప్రైమీ అంటారు, అంతకు ముందు కన్న మనిషిని మల్టీ అంటారు. ప్రైమీకి దారి కొత్త. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ బయటపడేదాకా ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోవచ్చు. మల్టీకి దారి తెలుసు కనుక పని త్వరగా తెములుతుంది. కాబట్టి తొలికాన్పుకి నాలుగు రూపాయలు, మలికాన్పుకి రెండు. ఇంతకంటే న్యాయమైన ధరలు బజారులో ఎక్కడా లేవని నా నమ్మకం.

ఒకనాడు పొద్దున్నే పోలయ్య వచ్చాడు. ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన ఒక లంకలో ఉంటాడు. సొంత నావ మీద ఎండుచేపలు వేసుకుని ఊరూరూ తిరిగి అమ్ముతాడు. ఉల్లిపాయకే ముక్కు మూసుకునే ఇల్లు మాది. అతను అరుగు మీద కూర్చోగానే లోపల మా వదిన తలుపులు వేసేసింది.

"ఇంటిదానికి వచ్చే నెల్లో నొప్పులొత్తాయండి. మా ఊరి మంత్రసాని ముసిల్ది పోయిందండి. తమరే రావాలి."

"ఎన్నో కాన్పు?"

"రెండోదండి. మలికాన్పు ధరే గదండీ? అంతా కనుక్కునే వచ్చాను."

"రెండు రూపాయలు."

"అబ్బే, ఒకటిన్నర చేసుకోండి అమ్మగోరూ."

"నేను చేపని కాను పోలయ్యా, పొద్దెక్కేకొద్దీ ధర తగ్గడానికి."

అతను పకపకా నవ్వాడు. నాకు తగిన మనిషే దొరికాడనిపించింది. తర్వాత తల గోక్కుంటూ అసలు సంగతి బయటపెట్టాడు. "మా కూతురు నూకాలుకే ఆడపిల్ల పుట్టి పాకుతోందండి. ఇప్పుడు దానికి తమ్ముడో చెల్లో పుట్టడమంటే మా సూరమ్మకి సిగ్గండి. అల్లుడొత్తే తడిక చాటున దాక్కుంటోంది. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో దాన్ని కాకవంధ్య అన్నారండి."

ఒక్క బిడ్డని కని మళ్ళీ కనని ఆడదాన్ని మావైపు ఆ మాట అంటారు. కాకి జన్మకోసారే కంటుందని ఎవడు చెప్పాడో గానీ, ఆ మాట పడ్డ ఆడది శుభకార్యంలో ముందు వరసలో కూర్చోదు. పోలయ్యకి మారుపెళ్ళి చేసుకోమని ఎందరో చెప్పారట. అతను చేసుకోలేదు.

"మరి ఎన్ని పూటలు పట్టినా రెండు రూపాయలేనాండి? తర్వాత పూటకింత అంటే నా వల్ల కాదు."

మలికాన్పుకి పూటలేమిటి! నేను చేతులు కడుక్కునేలోపే కనేసిన మల్టీలని చూశాను. "ఎన్ని పూటలైనా అంతే. షావుకారు కూతురి మాట" అన్నాను. అతను వెళ్ళాక మా వదినతో, "ఒక పూట పనికి రెండు రూపాయలు కుదిర్చాను చూడు" అని కూడా అన్నాను. పద్దెనిమిదేళ్ళు అన్న మాట చెవిన పడింది కానీ తలకెక్కలేదు.

మరుసటి నెలలో ఒక ఉదయం పోలయ్య నావ మీద వచ్చి తీసుకెళ్ళాడు. సూరమ్మ వయసు ముప్పై అయిదు లోపే ఉంటుంది. గట్టి మనిషి. నన్ను చూడగానే చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "మనవరాల్ని ఎత్తుకోవలసిన వయసులో ఏంటమ్మా నాకీ తంతు" అంది. తల్లి పక్కన నూకాలు కూర్చుంది. ఆమె పిల్ల వాకిట్లో పాకుతోంది.

నొప్పులు బాగానే వస్తున్నాయి. మధ్యాహ్నానికి నేను తొందరపడ్డాను. మలికాన్పు కదా, ఇక వచ్చేస్తుందని, "ముక్కమ్మా, ఊపిరి బిగబట్టి ముక్కు" అన్నాను. సూరమ్మ ముక్కింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ముక్కింది. బిడ్డ కదల్లేదు. సాయంత్రమైంది. ఇదిగో, అదిగో అంటూ ఆ రాత్రి కూడా గడిచిపోయింది.

తెల్లవారేసరికి సూరమ్మ కళ్ళు లోపలికి పోయాయి. నొప్పులు పలచబడ్డాయి. నొప్పులు ఆగిపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ఏటికి ఎదురు ప్రయాణం, నావలో ఏమవుతుందో చెప్పలేం. వాకిట్లో ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. "కాకికి రెండో గుడ్డు ఎక్కడుందే? అమ్మోరు ఇచ్చినట్టే ఇచ్చి పట్టుకుంది" అని ఒక పెద్దావిడ అనడం నాకు వినిపించింది. సూరమ్మకి కూడా వినిపించింది. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

కాన్పు కష్టమైతే ఇంట్లో ముడులన్నీ విప్పాలి, మూతలన్నీ తీయాలి అని అక్కడి ఆచారం. ముడి ఉన్నంతవరకు బిడ్డకి దారి ఉండదని. ఆసుపత్రిలో అయితే నవ్వేవాళ్ళు. నేను నవ్వలేదు. ఏం చేయాలో తోచక నిలబడ్డ మనిషికి నవ్వే హక్కు లేదు. నూకాలు తల్లి కొప్పు విప్పింది, తన కొప్పు విప్పింది. ఎవరో గేదె పలుపు తీశారు. వలల ముడులు, ఉట్టి తాళ్ళు, బియ్యం బస్తా మూతి, చివరికి నా సంచీ తాడు కూడా విప్పారు. మేకొకటి వచ్చి బస్తాలో తల పెట్టింది. దాన్ని తోలడానికి కూడా ఎవరూ లేవలేదు.

కాసేపటికి రేవు దగ్గర్నుంచి కేక వినిపించింది. "ఒరే పోలయ్యా! నీ నావ పోతోందిరా!"

"పోనీరా! దాని మోకు నేనే ఇప్పాను!"

"సరుకంతా ఉందిరా! ఈదెళ్ళి పట్టుకో!"

"పట్టుకుంటే మళ్ళీ కట్టాలి గదరా! నా పెళ్ళాం కనేదాకా ఏ ముడీ కట్టేది లేదు!"

గోడ వైపు తిరిగిన సూరమ్మ మెల్లగా ఇటు తిరిగింది. "నా మాట వినే మనిషైతే గదా. ఆ నావ లేకపోతే ఏం తింటాం" అని గొణిగింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. నా చెయ్యి పట్టుకుంది.

"రత్నమ్మగోరూ, ఒక మాట అడుగుతాను, నవ్వకండి. మీరు మలికాన్పు, మలికాన్పు అంటున్నారు. నూకాల్ని ఎలా కన్నానో నా ఒంటికి గుర్తే లేదమ్మా. నాకిదే మొదటిదిలాగుంది."

అప్పుడు తలకెక్కింది నాకు పద్దెనిమిదేళ్ళు అన్న మాట. వాడుకలో ఉన్న తలుపు వేలితో తోస్తే తెరుచుకుంటుంది. అదే తలుపు పద్దెనిమిదేళ్ళు మూసి ఉంచితే? కొయ్య ఉబ్బుతుంది, బందులు బిగుసుకుంటాయి. ఇది ఒకప్పుడు తెరిచిన తలుపే కదా అని భుజంతో గుద్దుతూ కూర్చున్నాను నేను. పేరుకి మల్టీ, ఒంటికి ప్రైమీ. మలికాన్పే కదా అన్న ధీమాతో అప్పటిదాకా చూడనే లేదు, ఇప్పుడు చూద్దును కదా, గర్భసంచి నోరు ఇంకా పూర్తిగా విచ్చుకోనే లేదు. దారి తెరవక ముందే ముక్కించి మనిషి బలమంతా నేనే తగలేశాను.

"నువ్వన్నదే నిజం సూరమ్మా. ఇది తొలికాన్పే. తప్పు నీ ఒంటిది కాదు, నా లెక్కది. ఇక ముక్కవద్దు."

"ముక్కకుండా ఎలాగమ్మా?"

"పడుకో. నేను చెప్పేదాకా నిద్రపో."

పలచటి గంజిలో ఉప్పు వేసి గుక్క గుక్కగా తాగించాను. నడుముకి కాపడం పెట్టించాను. ఎడమవైపుకి ఒత్తిగిలేలా పడుకోబెట్టి, గుమిగూడిన వాళ్ళందరినీ వాకిట్లోకి పంపాను. సూరమ్మ నొప్పికీ నొప్పికీ మధ్య గురకపెట్టి నిద్రపోయింది. బయట ఆ పెద్దావిడ, "ఇదేం పురుడమ్మా, నిద్రపుచ్చుతోంది!" అంది. నూకాలు గుమ్మంలో నిలబడి, "మీరు కూడా కాసేపు నోరు నిద్రపుచ్చండి పెద్దమ్మా" అని జవాబిచ్చింది. తొలిచూలు మనిషికి ఎంత ఓపిక పట్టాలో అంత ఓపికా పట్టాను. ఈ వృత్తిలో చేతులతో చేసేది కొంచెమే. చేతులు ముడుచుకు కూర్చోవడమే కష్టం.

సూరమ్మ లేచేసరికి నొప్పులు కూడా లేచాయి. కూతురి భుజం పట్టుకుని గదిలో అటూ ఇటూ నడిచింది. మధ్యాహ్నం దాటాక ఆమె గొంతు మారింది, లోపలినుంచి వచ్చే మూలుగు అది. చూశాను. దారి పూర్తిగా తెరుచుకుంది. "ఇప్పుడు ముక్కు తల్లీ" అన్నాను. ఈసారి ప్రతి నొప్పికీ ఫలితం కనిపించింది. పొద్దు వాలుతుండగా మగబిడ్డ పుట్టాడు, బొద్దుగా, కోపంగా, లంకంతా వినిపించేలా ఏడుస్తూ.

నూకాలు తన పిల్లని ఎత్తుకొచ్చి తమ్ముడి పక్కన కూర్చోబెట్టింది. "ఇదిగోనే మీ మేనమామ!"

"మేనరికం కుదరదే, పెళ్ళికూతురు పెద్దదైపోయింది!" అని వాకిట్లోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అంతవరకు అల్లుడి పేరెత్తితేనే సిగ్గుపడిన సూరమ్మ, చాప మీద వెనక్కి ఆనుకుని గట్టిగా పిలిచింది. "పెద్దమ్మా, కాకి రెండో గుడ్డు పెట్టింది. లోపలికొచ్చి చూసి పో."

ఆ పెద్దావిడ వచ్చి బిడ్డని చూసి, దిష్టి తీసి వెళ్ళింది. నేను పోసిన పురుళ్ళు ఎన్నో ఉన్నాయి కానీ, ఒక ఆడది అంత ఠీవిగా కూర్చోవడం అంతకు ముందు చూడలేదు.

మర్నాడు పోలయ్య నాలుగు రూపాయలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"రెండే కదా అనుకున్నాం?"

"ఇది తొలికాన్పని తమరే అన్నారు గదండీ. అందరూ విన్నారు. అంత కష్టపడి కన్న మనిషికి సగం ధర ఇత్తే, నా పెళ్ళాం ఉత్తినే కనేసిందంటారండి. నా పరువేం కావాలి?"

"నాలుగు తీసుకుంటే షావుకారు కూతురు మాట తప్పిందంటారు. నా పరువేం కావాలి?"

"మూడు చేసుకోండి."

"రెండు."

అమ్మేది తగ్గిస్తూ, కొనేవాడు పెంచుతూ సాగిన బేరం మా బజారులో ఎవరూ విని ఉండరు. చివరికి పురిటిగదిలోంచి సూరమ్మ తీర్పు చెప్పింది. "అమ్మగోరికి రెండిచ్చి పంపవయ్యా. మిగతా రెండూ నీ నావకి కావాలి." నావ కింది లంకలో ఇసకమేట మీద దొరికింది. అడుగు పలక ఒకటి పగిలింది, సరుకులో సగం ఏరు తినేసింది. పోలయ్యకి దాని దిగులే లేదు. బిడ్డ పుట్టాకే మొదటి ముడి కట్టాడు, కొడుకు ఉయ్యాలకి.

ఆనాటి నుంచి నేను "ఎన్నో కాన్పు?" అని అడిగి ఊరుకోలేదు. "కడపటిది ఎన్నేళ్ళ కిందట?" అని కూడా అడుగుతాను. ఎడం ఎక్కువగా ఉంటే ఆమెని ప్రైమీగానే చూస్తాను. అంతే ఓపిక, అంతే జాగ్రత్త. ధర కూడా అంతే, నాలుగు రూపాయలు. ఎవరైనా సణిగితే లంకలోని సూరమ్మని అడగమంటాను. ఆమె నాకంటే బాగా చెప్తుంది.

ఇక ఆ కాన్పు లెక్క. రాబడి రెండు రూపాయలు. ఖర్చులో పాడైన చీర రూపాయి నాలుగణాలు, సంచీలోంచి అయిన మందూ గుడ్డా ఆరణాలు, పోలయ్య నావ లేనందున తిరుగు ప్రయాణానికి బాడుగ పది అణాలు. సూరమ్మ పేరు చెప్పుకుని తర్వాత ఆ లంకల నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చిన వాళ్ళ రాబడి ఇందులో కలపలేదు. కలిపితే మంచి లాభమే, కానీ ఒక పద్దులోది ఇంకో పద్దులో వేయకూడదు. నికరంగా నాలుగణాలు నష్టం.