నిలబడి కాఫీ తాగనివ్వని మా వదిన

మా వదిన పోయింది. మంగళవారం పొద్దున్న కువాలా సెలంగోర్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "అత్తా, అమ్మ ఎల్లిపోనాది లా. నీళ్ళోసుకొనొచ్చి కుర్సీలో కూకున్నాది. పిలిస్తే పలకనేదు." వాడికి తెలుగు అంతంతమాత్రం, మాట చివర ఆ 'లా' మలేషియా అలవాటు. ఆ నాలుగు ముక్కలూ తెలుగులో చెప్పి, మిగతాదంతా తమిళంలో చెప్పాడు. తొంభై దాటిన మనిషి, మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు, మంచి చావే అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ఏడ్చాను.

ఆవిడ మా పెద్దన్నయ్య భార్య. పేపర్లో పేరు పడే మనిషి కాదు. మా అమ్మ చిన్నప్పుడే పోవడంతో, అన్నయ్య సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేటులో గుమాస్తాగా ఉన్నప్పుడు నేను వాళ్ళింట్లోనే పెరిగాను. అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, మా ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర తుపాకులు పట్టుకున్న కానిస్టేబుళ్ళు. అలాంటి చోట కూర్చుని మా వదిన బన్నులు కాల్చడం నేర్చుకుంది. అవీ మామూలు బన్నులు కావు, స్వీడన్ దేశపు బన్నులు.

ఎస్టేటు ఫ్యాక్టరీలో రబ్బరు పాలను చిలికి చిక్కబరిచే యంత్రాలు బిగించడానికి స్వీడన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు, భార్యతో సహా. మాకు తెల్లవాళ్ళంతా దొరలే కనుక ఆవిడా దొరసానే. అయితే ఈ దొరసానికి ఇంగ్లీషు సరిగా రాదు. మిషన్ బడిలో కొన్నేళ్ళు చదివిన మా వదినదీ అదే పరిస్థితి. ఇంట్లో పనివాళ్ళతో మాట్లాడటానికి సాయంగా ఉంటుందని వదినను రమ్మన్నారు. తప్పులు పట్టేవాళ్ళు పక్కన లేరు కాబట్టి ఇద్దరూ ఆ వచ్చీరాని ఇంగ్లీషులోనే గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవారు.

మధ్యాహ్నం మూడయిందంటే దొరసాని చేసే పని ఎక్కడిదక్కడ వదిలేసి కాఫీ పెట్టేది. దాన్ని ఫీకా అనేది. కాఫీ పక్కన ఇంట్లో కాల్చినవే ఏవైనా ఉండాలి, కొట్లో కొన్నవి పెడితే మర్యాద కాదు. చుట్టాలొస్తే ఏడు రకాలు పెట్టాలట. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. ఆవిడ ఇంకో పద్ధతి మాత్రం ఎస్టేటంతా చెప్పుకునేలా చేసింది. ఆ వేళకు ఇంట్లో ఎవరుంటే వాళ్ళంతా బల్ల దగ్గర కూర్చోవాలి. వంటమనిషి, తోటమాలి, బట్టలుతికే ఆవిడ, అందరూ. మొదటిరోజు తోటమాలి కుర్చీ అంచు మీద కూర్చుని, ఏ క్షణాన లేవమంటారో అని తలుపు వైపే చూస్తూ కాఫీ మీద పోసుకున్నాడని వదిన ఇంటికొచ్చి చెప్పి నవ్వింది.

ఆ బన్నులో దాల్చినచెక్కతోపాటు ఏలకులు కూడా దంచి వేస్తారు. వదినకు అదే పెద్ద ఆశ్చర్యం. "సలి దేశపోల్లకి యాలక్కాయ ఏటి తెలుస్తాదనుకున్నాను. మనకంటే ఎక్కువేస్తన్నారు!" అంది. ఇంటికొచ్చి తనూ మొదలుపెట్టింది. మా ఇంట్లో అవెన్ లేదు. కిరోసిన్ డబ్బాను కోసి, అడుగున కట్టెల మంట, పైన రేకు మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు. పిండి పొంగడానికి దొరసాని వాడే పొడి మాకు దొరకదు. ఇడ్లీ తిన్న బుర్ర కదా, వదిన కాస్త ఆలోచించి ఎస్టేటు కల్లుపాక నుంచి కల్లు తెప్పించింది. గుమాస్తాగారి భార్య కల్లు తెప్పించుకుంటోందని కూలీల ఇళ్ళ లైన్లన్నీ గుప్పుమన్నాయి. అన్నయ్య రెండు రోజులు తల ఎత్తుకోలేదు. మూడోరోజు బన్ను తిని, ఇంకోటి ఉందా అన్నాడు.

యంత్రాలు తిరగడం మొదలయ్యాక దొరసాని వెళ్ళిపోయింది. ఫీకా మాత్రం మా ఇంటికి వచ్చింది. పొద్దున్న చెట్లకు గాట్లు పెట్టి పాలు తెచ్చి పోసిన ఆడవాళ్ళు మధ్యాహ్నానికి ఖాళీ అవుతారు. వదిన వాళ్ళను పిలిచేది. వాళ్ళు గుమ్మంలో నిలబడి గ్లాసు అందుకోబోతే ఇచ్చేది కాదు. "నిలబడి తాగితే అది కాఫీ కాదే, మందు. కూకో," అనేది. ఏడు రకాలకు సరుకు సరిపోకపోతే చెక్కలూ మురుకులూ కలిపి లెక్క నింపేది. దొరసాని చూస్తే ఏమనేదో అంటే, "తినేది," అనేది.

అన్నయ్యకు ఇది మింగుడుపడలేదు. "గుమస్తా ఇంట్లో కూలోల్లు కుర్సీలెక్కి కూకుంటే రేపు నా మాట ఎవుడింటాడు?"

"నువ్వూ ఒచ్చి కూకో. అప్పుడింటారు," అంది వదిన, పిండి పిసుకుతూనే.

ఆ వచ్చేవాళ్ళలో అప్పలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ తమ్ముడు ఒకరోజు పనికని వెళ్ళి తిరిగి రాలేదు. అడవిలో కమ్యూనిస్టుల్లో కలిశాడని అందరూ అనుకున్నారు. అప్పటి నుంచి కుళాయి దగ్గర కూడా ఆవిడ పక్కన ఎవరూ బిందె పెట్టేవారు కాదు. పోలీసుల కళ్ళు తమ మీద పడతాయని భయం. తప్పు పట్టలేం. వదిన మాత్రం అప్పలమ్మను తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకునేది. నాకూ భయమేసేది. అన్నయ్య వద్దని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవిన పెట్టలేదు.

కంచె బయటికి తిండి తీసుకెళ్ళకూడదని ఆర్డరు వచ్చింది అప్పుడే. చెట్ల మధ్యకు తీసుకెళ్ళిన తిండి అడవిలో వాళ్ళకు చేరుతుందని. పనికి వెళ్ళేవాళ్ళను తెల్లవారుజామున గేటు దగ్గర ఒక్కొక్కరినీ తడిమి పంపేవారు. కూలీల మేస్త్రీ, కంగాణి, ఇంటింటికీ వచ్చి, "అన్నం కట్టుకెల్లకండి, బియ్యం కట్టుకెల్లకండి," అని చెప్పి వెళ్ళాడు.

ఒక శుక్రవారం అప్పలమ్మ ఒక్కపొద్దు ఉంది. కాఫీ తాగింది కానీ, కల్లు పోసిన పిండి అని ఆ రోజు బన్ను ముట్టుకోలేదు. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం మా ఇళ్ళల్లో లేదు కదా, వదిన రెండు బన్నులు ఆవిడ చెంగున కట్టింది. "రేపు పనికాడ తిను," అంది.

"గేటు కాడ తడుముతారు గదమ్మా."

"అన్నం గాదు గదే. ఏటవదు, పట్టుకెల్లు."

ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉండొచ్చు. మాకు అన్నమే తిండి. ఒక్కపొద్దు రోజు ఎన్ని ఫలహారాలు తిన్నా ఏమీ తిననట్టే లెక్క. అన్నం కట్టుకెళ్ళకూడదంటే అన్నం కట్టుకెళ్ళకూడదనే వదిన అనుకుంది, అప్పలమ్మా అలాగే అనుకుంది. అక్కడే కూర్చున్న నేనూ మరోలా అనుకోలేదు.

మర్నాడు పొద్దున్న అప్పలమ్మను గేటు దగ్గర పట్టుకున్నారు. వేరే ఎవరైనా అయితే కసిరి వదిలేసేవారేమో. తమ్ముడు అడవిలో ఉన్న మనిషి చెంగులో తిండి దొరికింది. లారీ ఎక్కించి టౌను స్టేషనుకు తీసుకెళ్ళారు. అలాంటివాళ్ళను ఓడెక్కించి ఇండియా పంపేస్తున్నారని అప్పటికే విన్నాం. అప్పలమ్మ ఇక్కడే పుట్టింది. అక్కడ ఆవిడకు ఒక్క గడప కూడా తెలియదు.

అన్నయ్య తలుపులు వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఎవురిచ్చినారో అది సెప్పనేదట. మనం నోరు మూసుకుంటే సాలు. ఉద్యోగం పోతే ఈ ఇల్లు కూడా పోతాది, తెలుసా?"

"పట్టుకెల్లమన్నది నేను. ఆ మాట నేను సెప్పకపోతే ఇంకెవులు సెప్తారు?" అంది వదిన. అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు అన్నయ్య మీద నాకు కోపం వచ్చింది గానీ, ఇప్పుడు రావడం లేదు. ఇంటినిండా మనుషుల్ని పోషించేవాడు అలా కాక ఇంకెలా మాట్లాడతాడు?

వదిన నన్ను తోడు తీసుకుని బస్సులో స్టేషనుకు వెళ్ళింది. అక్కడ ఒక మలాయ్ ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, మర్యాదస్తుడు. వదిన తన మలాయ్‌లో జరిగింది జరిగినట్టు చెప్పింది. బన్నులు కాల్చింది నేను, చెంగున కట్టింది నేను, ఫరవాలేదని చెప్పిందీ నేనే. రొట్టె తిండి కాదంటే ఎవరు నమ్ముతారమ్మా అని ఆయన అడిగాడు. "మీ ఇంట్లో పండక్కి నాసి లేకుండా కేకులు పెట్టి పంపేస్తే చుట్టాలు తిన్నామంటారా?" అంది వదిన. నాసి అంటే మలాయ్‌లో అన్నం. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చెప్పిందంతా రాసుకుని, ఇంటికి వెళ్ళమన్నాడు. అప్పలమ్మను చూడనివ్వలేదు. తిరుగు బస్సులో వదిన టికెట్టు మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

ఆ నెలాఖరుకే అన్నయ్య ఉద్యోగం పోయింది. సామాను లారీలో వేసుకుని ఈపో పట్నం వచ్చి, ఒక బట్టల కొట్లో లెక్కలు రాసే పనిలో చేరాడు. కొన్నాళ్ళకు అప్పలమ్మను వదిలేశారనీ, మళ్ళీ ఎస్టేటులోనే పని చేసుకుంటోందనీ ఎవరో చెప్పారు. ఆవిడ నుంచి మాత్రం ఏ కబురూ రాలేదు. వదిన రెండుసార్లు మనిషి చేత కబురు పంపింది. జవాబు లేదు. "నా మీద కోపం ఉండదేటి? నేనైతే జన్మలో మొగం సూడను," అనేది.

అప్పటి నుంచి వదిన ఎవరికీ తినేవి పొట్లం కట్టి ఇవ్వలేదు. వచ్చినవాళ్ళు కూర్చుని కడుపునిండా తినాల్సిందే, గుమ్మం దాటేటప్పుడు మాత్రం చేతిలో ఏమీ పెట్టదు. చుట్టాల్లో పిసినారి అని పేరు పడింది. కోడళ్ళు కూడా గుసగుసలాడుకునేవారు. వదినకు అది తెలుసు, అయినా పట్టించుకోలేదు.

మెర్డేకా, అంటే మలయా స్వాతంత్ర్యం, వచ్చింది. పక్కింటి రేడియో చుట్టూ వీధంతా చేరి 'మెర్డేకా' కేకలు విన్నాం. ఆ రోజు వదిన ఏడు రకాలూ చేసింది, లెక్క కోసం మురుకులు కలపకుండానే, పట్నంలో పొంగే పొడి దొరికేది కనుక కల్లు లేకుండానే. చైనా వాళ్ళూ మలాయ్ వాళ్ళూ మా ఇంట్లో కూర్చుని తిన్నారు. అందరూ తింటుంటే వదిన వంటింట్లోకి వెళ్ళి నిప్పులు ఎగదోస్తూ ఉండిపోయింది. నేను వెళ్తే, "ఎస్టేటు గేటు కాడ ఇంకా తడుముతున్నారట, నిజమేనా?" అని అడిగింది. నిజమే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా మా పాత గేటుకు ఇంకా రాలేదు.

మరో రెండు మూడేళ్ళకు ఎమర్జెన్సీ ఎత్తేశారు. ఆ తర్వాత ఒకరోజు అప్పలమ్మ మా ఇంటి ముందు నిలబడింది. నెరిసిన జుట్టు, చేతిలో అరిటాకు పొట్లం. వదిన గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వు టేసనుకొచ్చిన దినం లోపలి నుండి నీ గొంతు ఇన్నానమ్మా," అంది అప్పలమ్మ. "ఆ రాత్రి నిద్రోయినాను. నీ కబురులు అందినాయి. నీ ఇంటికి ఉత్తసేతుల్తో ఎలా వొస్తాను? గేటు కాడ తడమడం మానేసేదాకా ఆగినాను. ఇయ్యాల పొట్లం అగుపించేటట్టు పట్టుకొనే వొచ్చినాను. ఎవులూ ఏటనేదు."

పొట్లంలో అన్నం ఉంది. ఎండుచేపల పులుసు కలిపిన అన్నం. పొద్దున్న వండి బస్సులో తెచ్చింది కనుక చల్లారి గడ్డకట్టింది. వదిన దాన్ని ముందు పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత చేయి కడుక్కోవడం కూడా మరచి తినడం మొదలుపెట్టింది. నన్ను రమ్మనలేదు, ఎవరికీ పెట్టలేదు. ఆకుకు అంటుకున్న మెతుకుల్ని వేలితో తీసుకుని, ఒక్కొక్కటే తింది.