మరిది మగ్గం ఆగిన మూడు రోజులు

పదకొండేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే నా ముఖం చూస్తారు. ఆ చూపు నేను తట్టుకోలేను. నా పేరు మాత్రం అడగకండి.

నేను దొంగతనం చేయలేదు. ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. వరుస మార్చాను. ఎవరి పని ముందు, ఎవరిది తర్వాత, అంతే. ఇంత చిన్న దానికి ఇంత రాద్ధాంతమా అని మీకు అనిపించవచ్చు. నేనూ చాలాకాలం అదే చెప్పుకుని నిద్రపోయాను.

నారాయణపేటలో మా అత్తగారింట్లో మూడు మగ్గాలుండేవి. మామది ఒకటి, మా ఆయనది ఒకటి, మా మరిదిది ఒకటి. రాట్నం మాత్రం ఒక్కటే. చీర సాగాలంటే నాడెలో కండె ఉండాలి. నాడె అంటే దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే చెక్క, కండె అంటే దాంట్లో పెట్టే, నూలు చుట్టిన చిన్న పుల్ల. అది అయిపోతే ఎంతటి నేతగాడైనా చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే. మూడు మగ్గాలకూ ఆ కండెలు చుట్టేదాన్ని నేను. అత్తకు చూపు మందగించాక రాట్నం నాకు అప్పగిస్తూ రెండే మాటలు చెప్పింది. మగ్గం మీంచి దింపడానికి దగ్గరపడ్డ చీరకు ముందు ఇవ్వాలి. ఒకసారి ఆగిన మగ్గం వెంటనే మళ్లీ ఆగకూడదు. "గీ రెండు యాదిల పెట్టుకో బిడ్డా, ఇంట్ల లొల్లుండది" అంది. మగ్గాలను నడిపేది మగవాళ్లని వాడంతా అనుకునేది. నడిపేది నేనని నాకు తెలుసు. ఆ గీర నాకుండేది.

మా ఆయన మంచి నేతగాడు. మరిది నేత మాత్రం వేరు. చీరలు కొనడానికి ఎవరొచ్చినా మా ఆయన మగ్గం దాటుకుని వెళ్లి మరిది మగ్గం దగ్గరే ఆగేవాళ్లు. అంచు మీద వేలు పెట్టి, "చెయ్యంటే గీ చెయ్యి" అనేవాళ్లు. మా ఆయన నవ్వేవాడు, తమ్ముణ్ణి పొగిడితే తనను పొగిడినట్టే. నాకే కడుపు మండేది. కట్టుకున్నవాడికి లేని ఈర్ష్య నాకెందుకు? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. ఆయనకు రావలసిన ఈర్ష్య కూడా నేనే పడ్డానేమో. ఇక మా యారాలు భాగ్యమ్మ, అంటే మరిది భార్య, ఒక్కనాడు కూడా మొగుడి పనితనం చెప్పుకుని మురిసింది లేదు. గొప్పలు పోయి ఉంటే తిట్టుకుని చల్లబడేదాన్ని. ఆ పాటి సాయం కూడా చేయలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో మహబూబ్‌నగర్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అక్కడ నేత నేర్పే బడి పెడుతున్నారట, నేర్పడానికి ఒక మనిషి కావాలట. నెలనెలా జీతం. "వచ్చే శుక్రవారం మళ్లొస్త. మగ్గం మీదున్నది చూడ, దింపిన చీరనే చూపియ్యాలె" అని చెప్పి వెళ్లాడు. అన్నదమ్ములిద్దరూ శనివారమే కొత్త చీరలు మొదలుపెట్టారు. సోమవారం సాయంత్రానికి మరిది మూరెడు ముందున్నాడు. అత్త చెప్పిన లెక్కన కండెలు ముందు ఆయనకే చేరాలి.

ఆ ముందు రోజే, ఆదివారం, భాగ్యమ్మ ప్రసవించింది. మా ఇంట్లో పురిటి మనిషి ఇరవై ఒక్క రోజులు నూలు ముట్టదు, మగ్గాల అర్ర గడప తొక్కదు. లేకపోతే మొగుడికి కావలసిన కండెలు తనే చుట్టుకునేది. నాకన్నా చురుకైన చెయ్యి. అత్తకు పసిబిడ్డతోనే సరిపోయింది. రాట్నం ముందు నేనొక్కదాన్నే మిగిలాను.

మంగళవారం వరుస మార్చాను. మా ఆయనకు, తర్వాత మామకు, మళ్లీ మా ఆయనకు. మరిదికి పొద్దంతా కలిపి రెండు కండెలు. ఎవరైనా అడుగుతారని భయపడ్డాను. ఎవరూ అడగలేదు. అడగకపోతే ధైర్యం వస్తుంది చూడండి, ఆ ధైర్యం చాలా చెడ్డది. బుధవారం కూడా అంతే చేశాను. మరిది ఖాళీ నాడె తుడుచుకున్నాడు, మగ్గం గుంట ఊడ్చుకున్నాడు. "అన్నది ముందు కానియ్యి వదినా" అన్నాడు. పెద్దవాడికి మర్యాద ఇస్తున్నాననుకున్నాడు పాపం. అప్పుడైనా ఆగవచ్చు కదా? ఆగలేదు. ఆయన మంచితనం చూసి ఇంకా మండింది.

గురువారం మధ్యాహ్నం. మగ్గాల అర్రకూ పురిటి అర్రకూ మధ్య ఒక్కటే గోడ. నేతగాళ్ల ఇంట్లో పుట్టినదానికి ఏ మగ్గం ఆడుతోందో, ఏది ఆగిందో చప్పుడే చెబుతుంది. గోడ అవతల నుంచి భాగ్యమ్మ పిలిచింది.

"అక్కా, మా మగ్గం ఆగింది గదా?"

"దారం తెగింది. అతుకుతుండు."

"దారం తెగితే గింత సేపు ఆగదక్కా. కండెలు లేవా?"

"నాకున్నయి రెండే చేతులు. చుడుతనే ఉన్న. మీ వంతు వస్తది, జర ఆగు."

"మంచిదక్కా" అంది. తర్వాత, "నువ్వు తిన్నవా?" అని అడిగింది.

నేను రాట్నం తిప్పుతూనే ఉన్నాను.

శుక్రవారం ఆ పెద్దమనిషి వచ్చేసరికి మా ఆయన చీర మడత పెట్టి ఉంది. మరిది చీర కొంగు జానెడు తక్కువై మగ్గం మీదే ఉంది. పెద్దమనిషి వంగి ఆ అంచును చాలాసేపు చూశాడు. "గీ జానెడు అయ్యుంటే" అని ఆగిపోయాడు. మా ఆయన పేరు రాసుకున్నాడు. పెద్దమనిషి వెళ్లాక మరిదికి కండెలిచ్చాను. పొద్దు గుంకక ముందే చీర దిగింది.

మేం మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో కాపురం పెట్టాం. నా బిడ్డలిద్దరూ బడికి పోతున్నారు. మామ పోయాక పేటలో పని తగ్గి, మరిది భార్యాబిడ్డలతో షోలాపూర్ మిల్లుకు వెళ్లిపోయాడు. అక్కడ అంచు లేదు, కొంగు లేదు. పొద్దస్తమానం తెల్లగుడ్డ. మా ఆయన బడిలో నేర్పే అంచు తమ్ముడిదే. ఆ మాట దాచడు, తమ్ముడి అంచని చెప్పి మరీ నేర్పుతాడు. అన్నం ముందు కూర్చుని, "పనోడు వాడు. నౌకరి నాకు దొరికె. నసీబు" అంటాడు. నేను చారు పోస్తాను. ఇప్పటికీ ఆ మాట వినగానే నాలో ముందు రేగేది మంటే. సిగ్గు ఆ తర్వాత వస్తుంది. అది కూడా ఒప్పుకుంటున్నాను.

మీరు క్షమించినా నాకు పనికిరాదు. ఆ హక్కున్న మనిషి షోలాపూర్‌లో ఉంది. ఆమెకు రాసే ధైర్యం నాకు లేదు.

కానీ ఇంతసేపూ మీకు చెప్పినది కూడా మొత్తం నిజం కాదు. వరుస మార్చానన్నాను. వరుస మార్చడమంటే మరిది కండెలు చుట్టడం ఆలస్యమైందని మీరు అనుకుని ఉంటారు. నేనూ అలా అనుకోమనే రాశాను. గురువారం భాగ్యమ్మ గోడ అవతల నుంచి అడిగినప్పుడు మరిది కొంగుకు కావలసిన కండెలన్నీ చుట్టడం అయిపోయింది. ఆరు ఎర్ర కండెలు. నా ఒళ్లో, పైట కింద పెట్టుకున్నాను. నేతకు తడిపిన కండెలు, చల్లగా తొడకు తగులుతున్నాయి. నూలు లేని రాట్నాన్ని ఊరికే తిప్పుతూ కూర్చున్నాను, ఆమెకు చప్పుడు వినపడాలని.

ఇప్పుడు మీకూ తెలుసు.