టవలు కింద కుప్పయ్య

పలమనేరు పశువుల సంతలో కుప్పయ్య అనే దళారి తన నోటికి తాళం వేసుకుని, తాళంచెవి భార్య కొంగుకు కట్టి, నెల పైచిలుకు బేరాలు చేశాడు. మీరు ఎలాగూ కనిపెడతారు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను: అది తాళం కాదు, తీగ. కొంగున ఉన్నది తాళంచెవి కాదు, తీగ తెంపే చిన్న కట్టరు. బేరాలు కూడా కొంచెం తగ్గించుకోండి. కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదివినవాణ్ణి, సగమైనా నిజం చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

కుప్పయ్య ఆవుల నోళ్లు తెరిచి, పళ్లు చూసి, వయసు చెప్పి బతికే మనిషి. ఎవరి మాటా నమ్మడు. పాలలో నీళ్లు కలపలేదంటే కలిపారనుకుంటాడు, కలిపామంటే ఇంకేదో కలిపారనుకుంటాడు. ఆయన నమ్మేది భుజం మీది టవలు ఒక్కదాన్నే. సంతలో అసలు ధర పైకి చెప్పరు. టవలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టి చెప్పుకుంటారు.

"నోరు ఎట్లయినా తిరుగుతాది సామీ. టవలు కింద ఏలు అబద్ధమాడితే మాత్రం మళ్లా సంతలో నిలబడలేం" అంటాడు నాతో.

ఆ ఏడాది కుప్పయ్య, నారాయణ అనే రైతు ఆవును జోయల్ అనే అతనికి కుదిర్చాడు. జోయల్ ఇంట్లో పాలు పితికేది అతని భార్య రూతు. ఆమెకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. అందుకే జోయల్ ఒకటే అడిగాడు.

"తన్నదు గదా మామా?"

"పసిబిడ్డప్పా అది. దాని కింద ఉయ్యాల కట్టుకో" అన్నాడు కుప్పయ్య.

డబ్బు చేతులు మారేది వచ్చే సంతలో. ఈలోగా తన మాట మీద తనకే అనుమానం వచ్చి, కుప్పయ్య ఒక్కడే నారాయణ కొట్టంలోకి వెళ్లి ఆవు పొదుగు దగ్గర కూర్చున్నాడు. పసిబిడ్డ తన్నింది. దవడ విరిగింది.

భార్య జ్ఞానాంబ ఆయన్ను తిరుపతిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. బాత్రూములో జారిపడ్డానని కుప్పయ్య గొణిగాడు. డాక్టరమ్మ పేరు లోహిత. ఆమె కుప్పయ్య చెంప మీద గిట్ట ఆకారంలో కమిలిన మచ్చను చూసి, తర్వాత జ్ఞానాంబ వైపు చూసింది.

"నన్నేల సూస్తావు తల్లీ? నాకు అట్లాంటి కాలు లేదు" అంది జ్ఞానాంబ.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. మొదటిది, కోత లేకుండా పైపళ్లనూ కిందిపళ్లనూ తీగలతో కలిపి కట్టడం. ఎముక దానంతటదే అతుక్కుంటుంది, కానీ నెలా పదిహేను రోజుల దాకా నోరు తెరవకూడదు, జావ తప్ప దిగదు. రెండోది, మత్తిచ్చి నోటి లోపల కోసి, రేకు పెట్టి మరలు బిగించడం. వారం తిరిగేసరికి మాట్లాడొచ్చు. కానీ కోతన్నాక చీము పట్టొచ్చు, కింది పెదవి తిమ్మిరెక్కొచ్చు.

"మీకు రెండూ పనికొస్తాయి. మీరే చెప్పండి" అంది.

కుప్పయ్య జ్ఞానాంబ చెవిలో పళ్ల సందునుంచి అన్నాడు. "రెండెద్దులూ మంచివే అన్నోడు రెండిట్లోనూ లోపం దాస్తాడు. సంతకు నేను మాట్లాడాల. రేకే వేయించు."

"సంతలో మాట్లాడాలని అంత తొందరేమయ్యా?" అంది ఆమె. ఇప్పుడు ఆమెకూ అనుమానం పట్టుకుంది.

కుప్పయ్య భుజం మీది టవలు తీసి డాక్టరమ్మ చేతి మీద కప్పాడు. ఆమె చెయ్యి వెనక్కు లాక్కుంది.

"భయపడొద్దు తల్లీ. పైకి చెప్పేది ఆయన నమ్మడు. మొదటిదైతే ఒక ఏలు, రెండోదైతే రెండు" అంది జ్ఞానాంబ.

డాక్టరమ్మ ఎక్స్‌రే మరోసారి చూసి, టవలు కింద ఒక వేలు పట్టింది. "ఎముక పక్కకు జరగలేదు. జరిగుంటే నేనే రేకు వేయమనేదాన్ని" అంది. టవలు మాటకు కుప్పయ్య తల వంచాడు. తీగలు కట్టారు. వాంతి వస్తే వెంటనే తెంపడానికి కట్టరు జ్ఞానాంబకు ఇచ్చారు.

సంతరోజు ఆయన మూతి చుట్టూ టవలు చుట్టుకుని వచ్చాడు. ఏ ఎద్దు ముందు నోరెత్తకుండా నిలబడితే ఆ ఎద్దును కొనేవాళ్లు వదిలేశారు. మాటల మనిషి మౌనంగా ఉన్నాడంటే ఏదో తెలిసే ఉంటుందని వాళ్ల అనుమానం. అమ్మేవాళ్లు ఆయన ఎవరికో అమ్ముడుపోయాడన్నారు.

నారాయణ ఆవును తోలుకొచ్చాడు. జోయల్ వచ్చాడు. "ఆఖరుసారి అడుగుతుండా మామా. తన్నదు గదా?"

"మామ ముందే చెప్పినాడు గదప్పా" అన్నాడు నారాయణ.

కుప్పయ్య తల ఊపితే సరిపోయేది. ఊపబోయాడు కూడా. అంతలో జోయల్, ధర ఖాయం చేసుకుందామని, ఆయన మూతికున్న టవలే లాగి చేతుల మీద కప్పాడు. కుప్పయ్య జోయల్ వేళ్లన్నీ ఒక్కొక్కటిగా మడిచి, పిడికిలి మూసేశాడు. బేరం లేదని దాని అర్థం.

జోయల్ ఆ కమిలిన చెంపను చూశాడు. ఆవు వెనక కాళ్లను చూశాడు.

"ఈ తూరికి వద్దులే నారాయణన్నా" అని వెళ్లిపోయాడు.

"ఏం చేసినావు నువ్వు?" అని నారాయణ కుప్పయ్య మీదికొచ్చాడు. పాపం, ఆయన నోరు కట్టేసి ఉంది.

ఇదంతా జ్ఞానాంబ చెప్పింది, కట్టరు కూడా చూపించింది. రాసుకున్నది మొన్న టీకొట్టు దగ్గర కుప్పయ్యకు చదివి వినిపించాను. బన్ను నములుతూ చివరిదాకా విన్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు సామీ. ఆవు లేదు, తీగ లేదు. అప్పుడు నాకు పన్నునొప్పి."

"అయితే ఆ టవలు కింద చెప్పు" అన్నాను, ఆయన భుజం మీది టవలు చూపించి.

"టవలా? నేను టవలు వేసుకోనే వేసుకోను" అన్నాడు కుప్పయ్య.